బైలీనియర్ ఫూరియర్ మల్టిప్లయర్ బౌండెడా కాదా: సింబల్ ఎక్కడ విరిగిందో చూసి తేల్చే పద్ధతి, మెట్టు మెట్టుగా

దాళ్వా కోతలయ్యి వేసవి సెలవులు మొదలయ్యాయంటే కాకినాడ, అమలాపురం, భీమవరం వైపు నుంచి ఎంఎస్సీ మ్యాథ్స్ పిల్లల ప్రశ్నలు ఎక్కువవుతాయి, నెట్‌కి చదివేవాళ్లు కొందరు, పీహెచ్‌డీ ఇంటర్వ్యూలకి తయారయ్యేవాళ్లు కొందరు. వాళ్లలో ఫూరియర్ ఎనాలిసిస్ మీద ఇష్టం ఉన్నవాళ్లు ఎక్కువమంది ఒకే చోట ఆగిపోతున్నారు. లీనియర్ మల్టిప్లయర్ల వరకు బాగానే వచ్చు, ప్లాంషెరెల్ తెలుసు, మిఖ్లిన్ తెలుసు, లిటిల్‌వుడ్-పేలీ స్క్వేర్ ఫంక్షన్ కూడా చూసుంటారు, కానీ రెండు ఫంక్షన్లు ఒకేసారి తీసుకునే ఆపరేటర్ ఎదురయ్యేసరికి ఎక్కడ మొదలెట్టాలో తెలియక నేరుగా కెర్నెల్ లెక్కల్లోకి దిగిపోతున్నారు. అలా దిగకండి. ముందు ఫ్రీక్వెన్సీల బొమ్మ గీసి, అందులో సింబల్ (ఏ ఫ్రీక్వెన్సీల జంటకి ఎంత బరువో చెప్పే ఫంక్షన్) ఎక్కడ విరుగుతోందో, అంటే ఎక్కడ స్మూత్‌గా లేదో, గుర్తు పెట్టండి. అది ఒక్క పాయింట్ దగ్గర విరిగితే ఒక దారి, ఒక గీత పొడుగునా విరిగితే వేరే దారి, వంపు మీద విరిగితే ఇంకో దారి. ఏ థియరమ్ వాడాలో ఆ బొమ్మే చెప్తుంది, ఈ గైడ్ అంతా ఆ ఒక్క పని నేర్పడానికే రాస్తున్నా.

కావాల్సిన సరుకు: ఫూరియర్ ఇన్వర్షన్, హోల్డర్ ఇనీక్వాలిటీ, హార్డీ-లిటిల్‌వుడ్ మాక్సిమల్ ఫంక్షన్, లిటిల్‌వుడ్-పేలీ. ఈ నాలుగూ చేతిలో ఉంటే చాలండి, మిగతాది దారిలో చూసుకుందాం.

మెట్టు 1. ఆపరేటర్‌ని ముందు గుణకారంలా చూడండి

ఎన్ డైమెన్షన్ల స్పేస్ మీద ఎఫ్, జీ అనే రెండు ష్వార్ట్జ్ ఫంక్షన్లు (స్మూత్‌గా ఉండి దూరంలో చాలా వేగంగా తగ్గిపోయేవి) తీసుకోండి. ఎఫ్ ఫ్రీక్వెన్సీని క్సై అందాం, జీ ఫ్రీక్వెన్సీని ఈటా అందాం. ఎమ్(క్సై, ఈటా) అనేది సింబల్. పేరు పక్కన హ్యాట్ ఉంటే దాని ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్ అని. అప్పుడు

టి(ఎఫ్, జీ)(ఎక్స్) = ∬ ఎమ్(క్సై, ఈటా) · ఎఫ్‌హ్యాట్(క్సై) · జీహ్యాట్(ఈటా) · ఇ^(2·పై·ఐ·ఎక్స్·(క్సై + ఈటా)) డీక్సై డీఈటా

ఎమ్ = 1 పెట్టి చూడండి, ఫూరియర్ ఇన్వర్షన్ వల్ల రెండు ఇంటిగ్రల్స్ విడిపోయి ఎఫ్ · జీ వచ్చేస్తుంది. అంటే టి అనేది మామూలు గుణకారమే, కాకపోతే ఎఫ్‌లోని ఒక ఫ్రీక్వెన్సీ జీలోని ఒక ఫ్రీక్వెన్సీతో కలిసేటప్పుడు ఆ జంటకి ఎంత బరువు ఇవ్వాలో ఎమ్ చెప్తుంది. ఇంకోటి కూడా ఇప్పుడే గమనించండి, క్సై, ఈటా కలిస్తే బయటికొచ్చే ఫ్రీక్వెన్సీ క్సై + ఈటా. ఈ మూడో ఫ్రీక్వెన్సీని మర్చిపోతే తర్వాత మెట్లలో ఏదీ అర్థం కాదు.

ఇదంతా ఎందుకంటారా? దవళేశ్వరం దిగువన నీళ్లు ఎలా పారతాయో రాసే సమీకరణాల్లోనే ఉంది కారణం, నావియర్-స్టోక్స్‌లో వేగం పక్కన వేగం డెరివేటివ్ గుణకారంగా కూర్చుని ఉంటుంది, ఆ గుణకారం మీద డెరివేటివ్‌లు, సగం డెరివేటివ్‌లు వేసినప్పుడు పుట్టేవే ఈ బైలీనియర్ మల్టిప్లయర్లు. 1988లో కాటో, పొన్సె ఇద్దరూ ఆయిలర్, నావియర్-స్టోక్స్ సమీకరణాల కోసమే ఇలాంటి ఎస్టిమేట్ చేశారు, చివర్లో దాన్ని చేసి చూపిస్తా.

మనం అడిగే ప్రశ్న: ఏ పి1, పి2, పి లకి ‖టి(ఎఫ్, జీ)‖పి ≤ సి · ‖ఎఫ్‖పి1 · ‖జీ‖పి2 అవుతుంది, ఆ సి అనేది ఎఫ్, జీ మీద ఆధారపడకుండా? ఇక్కడ ‖ఎఫ్‖పి అంటే ఎల్పి నార్మ్, |ఎఫ్| పవర్ పి ఇంటిగ్రల్‌కి 1/పి పవర్. ఇలా అయితేనే టి బౌండెడ్ అంటాం.

మెట్టు 2. ఎక్స్‌పోనెంట్లు సరిపోయాయా లేదా ముందే చూడండి

ఇది రెండు నిమిషాల పని, కానీ చాలామంది వదిలేస్తారు. ఎమ్ హోమోజీనియస్ డిగ్రీ 0 అనుకోండి, అంటే క్సై, ఈటా రెండింటినీ ఒకే లాంబ్డాతో గుణించినా ఎమ్ మారదు. అప్పుడు ఎఫ్(ఎక్స్), జీ(ఎక్స్) బదులు ఎఫ్(లాంబ్డా·ఎక్స్), జీ(లాంబ్డా·ఎక్స్) పెడితే అవుట్‌పుట్ కూడా అలాగే సాగుతుంది. రెండు వైపులా నార్మ్‌లు లెక్క కట్టి లాంబ్డాని సున్నాకి, అనంతానికి పంపితే ఒకటే దారి మిగుల్తుంది: 1/పి = 1/పి1 + 1/పి2. హోల్డర్‌లో ఉన్న సంబంధమే ఇది, ఎమ్ = 1 కూడా ఈ కుటుంబంలోదే కాబట్టి ఆశ్చర్యం లేదు.

ఇక్కడ లీనియర్‌లో లేని సంగతి ఒకటుంది. పి1, పి2 రెండూ 1 కంటే పెద్దవైనా పి మాత్రం 1 కంటే చిన్నది కావచ్చు, 1/2 దాకా దిగొచ్చు. ఉదాహరణకి పి1 = పి2 = 3/2 అయితే పి = 3/4. పి < 1 అయితే అది నార్మ్ కాదు, ట్రయాంగిల్ ఇనీక్వాలిటీ ఉండదు, డ్యూయల్ స్పేస్ పనికిరాదు. అందుకని "డ్యూయాలిటీతో చేసేద్దాం" అనే అలవాటు పి ≥ 1 దగ్గరే ఆగిపోద్ది. పి చిన్నదైనప్పుడు పనికొచ్చేది ఒక్కటే, ‖ఎ + బి‖ కి పి-పవర్ వేస్తే ‖ఎ‖ పి-పవర్ + ‖బి‖ పి-పవర్ కంటే మించదు. దీన్ని మెట్టు 5లో వాడతాం.

మెట్టు 3. ఎల్2 ఆశ వదులుకోండి

"మాష్టారూ, ఎమ్ బౌండెడ్ అయితే చాలదా అండి?" అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు, మంచి ప్రశ్నే. లీనియర్‌లో ఎల్2 మీద చాలు, ప్లాంషెరెల్ వల్ల బౌండెడ్ సింబల్ అంటేనే బౌండెడ్ ఆపరేటర్. ఇక్కడ దానికి జోడీ ఎల్2 × ఎల్2 → ఎల్1 అనుకుంటాం, కానీ అవుట్‌పుట్ ఎల్1లో ఉంది, ఎల్1లో ప్లాంషెరెల్ లేదు.

ఎంత ఘోరంగా పోతుందో చూడండి. ఎమ్(క్సై, ఈటా) = కె(క్సై + ఈటా) అనే రూపం తీసుకోండి, అంటే అవుట్‌పుట్ ఫ్రీక్వెన్సీ మీదే ఆధారపడే సింబల్. అప్పుడు టి(ఎఫ్, జీ) అంటే ఎఫ్ · జీ మీద కె అనే లీనియర్ మల్టిప్లయర్ వేయడమే. ఎల్1లో ఉన్న ఏ ఫంక్షన్‌నైనా రెండు ఎల్2 ఫంక్షన్ల గుణకారంగా రాయొచ్చు, కాబట్టి టి బౌండెడ్ కావాలంటే కె ఎల్1 మీద బౌండెడ్ కావాలి, అంటే కె ఒక ఫైనైట్ మెజర్ యొక్క ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్ అయి తీరాలి. బౌండెడ్ అనే మాట దానికి ఎక్కడా చాలదు. కె స్మూత్‌గా ఉండి దాని అన్ని డెరివేటివ్‌లూ బౌండెడ్ అయినా చాలదు.

అంకెలు వేసి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఒక డైమెన్షన్‌లో క్సై అక్షం మీద యూనిట్ పొడవున్న ఎన్ ముక్కలు, ఈటా అక్షం మీద ఎన్ ముక్కలు తీసుకోండి, మొత్తం ఎన్ × ఎన్ గళ్లు (ఈ లెక్కలో ఎన్ అంటే ముక్కల సంఖ్య, డైమెన్షన్ కాదు, కె అంటే గడి నంబర్). జె, కె నంబర్ల గడిలో సింబల్ విలువ +1 లేదా −1, కానీ ఆ గుర్తు జె + కె మీదే ఆధారపడాలి, గుర్తుల్ని బొమ్మా బొరుసూ వేసి ఎంచుకోండి. ఎఫ్‌హ్యాట్, జీహ్యాట్ రెండింటికీ అన్ని ముక్కల్లో 1 పెట్టండి. ‖ఎఫ్‖2 · ‖జీ‖2 సుమారు ఎన్. అవుట్‌పుట్‌లో ప్రతి ఫ్రీక్వెన్సీ దగ్గరా సుమారు ఎన్ జంటలు ఒకే గుర్తుతో కలుస్తాయి, అలాంటి ఫ్రీక్వెన్సీలు సుమారు ఎన్ ఉన్నాయి, ఖిన్చిన్ ఇనీక్వాలిటీ ప్రకారం సగటు ఎల్1 నార్మ్ సుమారు ఎన్ పవర్ 3/2. అంటే ఆపరేటర్ నార్మ్ కనీసం ఎన్ పవర్ 1/2 దాకా పెరిగింది, సింబల్ మాత్రం 1 దాటలేదు.

ఇదే లెక్కలో ఇంకో సంగతి దాగుంది, నాకు చాలా ఇష్టమైనది. ఈ సింబల్ యొక్క ఎల్‌క్యూ నార్మ్ ఎన్ పవర్ 2/క్యూ. ఆపరేటర్ నార్మ్‌ని ఈ ఎల్‌క్యూ నార్మ్‌తో కట్టడి చేయాలంటే 2/క్యూ ≥ 1/2 ఉండాలి, అంటే క్యూ 4 దాటకూడదు. గ్రఫాకోస్, హె, స్లవికోవా 2020లో చూపించింది కూడా ఈ 4 దగ్గరే నిలుస్తుంది: ఎమ్ డెరివేటివ్‌లన్నీ బౌండెడ్ అయి, ఎమ్ ఎల్‌క్యూలో క్యూ < 4కి ఉంటే ఎల్2 × ఎల్2 → ఎల్1 వస్తుంది. ఎక్కడి నుంచి ఊడిపడిందో తెలియని నంబర్‌లా కనపడే ఆ 4 మన గళ్ల లెక్కలోంచే వస్తుంది.

మెట్టు 4. బొమ్మ గీయండి, విరిగే చోటు గుర్తు పెట్టండి

ఇక్కడ తొందరపడకండి, అసలు నిర్ణయం ఇక్కడే జరుగుద్ది. అడ్డంగా క్సై, నిలువుగా ఈటా గీసి, ఎమ్ స్మూత్‌గా లేని చోట్లన్నీ ఎర్ర పెన్నుతో దిద్దండి.

మొదటి రకం: ఎరుపు ఒరిజిన్ దగ్గర మాత్రమే. ఉదాహరణకి ఎమ్ = క్సై·ఈటా / (క్సై² + ఈటా²). ఇది హోమోజీనియస్ డిగ్రీ 0, ఒరిజిన్ తప్ప అంతటా స్మూత్. ఇలాంటివన్నీ కోయిఫ్‌మన్-మెయర్ క్లాసులోకొస్తాయి. ఆ షరతు ఏంటంటే, ఎమ్‌కి మొత్తం ఆల్ఫా సార్లు డెరివేటివ్ తీస్తే అది సి · (|క్సై| + |ఈటా|) పవర్ −ఆల్ఫా కంటే మించకూడదు. మిఖ్లిన్ షరతే ఇది, కాకపోతే 2ఎన్ డైమెన్షన్లలో రాసింది. ఈ షరతు ఉంటే టి బౌండెడ్ అవుతుంది, ఆ రుజువుని కోయిఫ్‌మన్, మెయర్ ఇద్దరూ 1970లలో పి > 1కి చేశారు, పి 1/2 దాకా దిగే మిగతా భాగం కెనిగ్-స్టైన్ 1999లో, గ్రఫాకోస్-టోరెస్ 2002లో పూర్తి చేశారు.

రెండో రకం: ఎరుపు ఒక గీత మీద. ఇక్కడ గీతలన్నీ ఒకటి కాదు, జాగ్రత్త. క్సై = 0 మీద విరిగితే, ఉదాహరణకి ఎమ్ = సైన్(క్సై) (త్రికోణమితి సైన్ కాదు, గుర్తు: క్సై పాజిటివ్ అయితే +1, నెగెటివ్ అయితే −1), స్థిరాంకం తేడాతో టి అంటే హెచ్ఎఫ్ · జీ, హెచ్ అంటే హిల్బర్ట్ ట్రాన్స్‌ఫార్మ్, హోల్డర్‌తో ఒక్క లైన్లో అయిపోద్ది. ఈటా = 0 కూడా అంతే. క్సై + ఈటా = 0 మీద విరిగితే అది హెచ్(ఎఫ్·జీ), పి > 1 అయినంతవరకు బౌండెడ్, పి ≤ 1 అయితే కాదు. ఈ మూడు గీతలూ మూడు ఫ్రీక్వెన్సీలవి, ఎఫ్‌ది, జీది, అవుట్‌పుట్‌ది. ఈ మూడూ కాకుండా వేరే గీత మీద, ఉదాహరణకి క్సై = ఈటా మీద విరిగితే అది పూర్తిగా వేరే లోకం, మెట్టు 9లో చూద్దాం.

రెండు గీతల మీద విరిగేవి కూడా ఉంటాయి. సైన్(క్సై) · సైన్(ఈటా) అంటే హెచ్ఎఫ్ · హెచ్‌జీ, ఇబ్బందేం లేదు. దాన్ని చూసి "అయితే అక్షాల మీద విరిగే మార్సింకివిచ్ టైపు సింబల్స్ అన్నీ ఓకే" అనుకోవద్దు, అంటే క్సై డెరివేటివ్‌కి |క్సై|, ఈటా డెరివేటివ్‌కి |ఈటా| విడివిడిగా తగ్గే సింబల్స్. లీనియర్‌లో అవి బౌండెడ్ కానీ బైలీనియర్‌లో అన్నీ కావని గ్రఫాకోస్, కాల్టన్ 2001లో చూపించారు, లాగరిథమ్ అంత అదనపు తగ్గుదల ఉంటేనే పని జరుగుద్ది.

మెట్టు 5. ఒరిజిన్ దగ్గర మాత్రమే విరిగితే: మూడు పాయలుగా చీల్చండి

ఇక్కడ్నించి 7 దాకా కోయిఫ్‌మన్-మెయర్ ప్రూఫ్. మన డెల్టా వాళ్లకి చెప్పడం తేలిక, దవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిని తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలవలకి వేరు చేసి, ఏ కాలవకి తగ్గ లాకులు ఆ కాలవ మీద కట్టినట్టే, ఫ్రీక్వెన్సీ ప్లేన్‌ని కూడా మూడుగా వేరు చేసి ఒక్కోదాన్ని దానికి తగ్గ పద్ధతిలో పట్టాలి.

ఒకటి, |క్సై| బాగా పెద్దది, |ఈటా| బాగా చిన్నది. రెండు, దీనికి రివర్స్. మూడు, రెండూ ఇంచుమించు సమానం. మూడు ముక్కలకీ స్మూత్ కటాఫ్‌లు వేయండి, అవి హోమోజీనియస్ డిగ్రీ 0 కాబట్టి ఎమ్‌తో గుణించినా కోయిఫ్‌మన్-మెయర్ షరతు చెడదు.

ఇప్పుడు ఒక్కో ముక్కని డయాడిక్ రింగులుగా కోయండి, |క్సై| + |ఈటా| సుమారు 2 పవర్ జె ఉన్న రింగ్. ఆ రింగ్‌ని 2 పవర్ జె తో భాగించి యూనిట్ సైజుకి తెస్తే ఎమ్ ఇప్పుడు ఒక స్థిరమైన పెట్టెలో ఉన్న స్మూత్ ఫంక్షన్, దాని డెరివేటివ్‌లు జె మీద ఆధారపడకుండా బౌండెడ్. షరతుని అలా రాసింది ఈ ఒక్క క్షణం కోసమే. పెట్టెలో ఉన్న స్మూత్ ఫంక్షన్‌ని ఏం చేస్తాం? ఫూరియర్ సిరీస్ రాస్తాం. కోఎఫిషియంట్లు (1 + |కె| + |ఎల్|) పవర్ −ఎ అంత వేగంగా తగ్గుతాయి, ఎన్ని డెరివేటివ్‌లు చేతిలో ఉంటే ఎ అంత పెద్దది.

దీనివల్ల ఏం లాభమంటే క్సై, ఈటా విడిపోయాయి. సిరీస్‌లో ప్రతి టర్మ్ క్సైలో ఒక ఎక్స్‌పోనెన్షియల్, ఈటాలో ఒక ఎక్స్‌పోనెన్షియల్, ఎక్స్‌పోనెన్షియల్ అంటే ఎక్స్ వైపు కొంచెం జరపడమే, 2 పవర్ −జె · కె అంత. అంటే కష్టమైన సింబల్ పోయి, "ఎఫ్‌లో జె ముక్క కొంచెం జరిపి × జీలో జె ముక్క కొంచెం జరిపి" అనే గుణకారాల మొత్తం మిగిలింది. దీన్నే పారాప్రొడక్ట్ అంటారు, 1981లో బోనీ దీన్ని నాన్‌లీనియర్ సమీకరణాలకి వాడిన దగ్గర్నుంచి పీడీఈ వాళ్లకి ఇది రోజువారీ పనిముట్టు. జరపడం వల్ల మాక్సిమల్ ఫంక్షన్ ఎస్టిమేట్‌లో (1 + |ఎల్|) పవర్ ఎన్ అంత నష్టం వస్తుంది, స్క్వేర్ ఫంక్షన్‌లోనూ కె పాలినోమియల్‌ని మించి రాదు, ఎ పెద్దది తీసుకుంటే కె, ఎల్ మీద మొత్తం కన్వర్జ్ అయిపోద్ది. పి < 1 అయితే మెట్టు 2లో చెప్పిన పి-పవర్ ఇనీక్వాలిటీతో కూడండి.

మెట్టు 6. పారాప్రొడక్ట్‌ల ఎస్టిమేట్

జరపడాలు మర్చిపోదాం. ఎఫ్‌లో 2 పవర్ జె ఫ్రీక్వెన్సీ ముక్కని డెల్టా-జె ఎఫ్ అందాం, జీలో 2 పవర్ జె కంటే బాగా కింద ఉన్న ఫ్రీక్వెన్సీలన్నీ కలిపి ఎస్-జె జీ అందాం.

మూడో పాయతో మొదలెట్టండి, అదే తేలిక. రెండు ఫ్రీక్వెన్సీలూ సమానమైనప్పుడు జె మీద డెల్టా-జె ఎఫ్ · డెల్టా-జె జీ కూడాలి. ప్రతి ఎక్స్ దగ్గరా కోషీ-ష్వార్ట్జ్ వేస్తే అది స్క్వేర్ ఫంక్షన్ ఎఫ్ × స్క్వేర్ ఫంక్షన్ జీ కంటే మించదు (స్క్వేర్ ఫంక్షన్ అంటే ముక్కల వర్గాల మొత్తానికి వర్గమూలం). తర్వాత హోల్డర్, తర్వాత లిటిల్‌వుడ్-పేలీ, పి1, పి2 లు 1 కంటే పెద్దవై అనంతం కానంతవరకు, పి ఎంత చిన్నదైనా సరే. అయిపోయిందండి, నిజంగా అంతే.

మొదటి పాయలో డెల్టా-జె ఎఫ్ · ఎస్-జె జీ కూడాలి. ఇక్కడ కోషీ-ష్వార్ట్జ్ పనిచేయదు, ఎందుకంటే ఎస్-జె జీల వర్గాల మొత్తం అసలు కన్వర్జ్ కాదు. ఇప్పుడు ఆ మూడో ఫ్రీక్వెన్సీ గుర్తు తెచ్చుకోండి, క్సై పెద్దది ఈటా చిన్నది కాబట్టి క్సై + ఈటా కూడా సుమారు 2 పవర్ జె, సున్నాకి దూరంగా. అంటే ప్రతి టర్మూ తన రింగులోనే ఉంది. రింగుల్లో కూర్చున్న ముక్కల మొత్తానికి ఎల్పి నార్మ్ వాటి స్క్వేర్ ఫంక్షన్ నార్మ్‌తో కట్టడి అవుతుంది, పి > 1కి ఇది లిటిల్‌వుడ్-పేలీ, పి ≤ 1కి హార్డీ స్పేస్ యొక్క స్క్వేర్ ఫంక్షన్ నిర్వచనం. ఆ స్క్వేర్ ఫంక్షన్ లోపల |ఎస్-జె జీ| ≤ సి · మాక్సిమల్ జీ అని బయటికి లాగేయండి. మిగిలింది స్క్వేర్ ఫంక్షన్ ఎఫ్ × మాక్సిమల్ జీ, మళ్లీ హోల్డర్. ఇక్కడ పి2 అనంతమైనా ఇబ్బంది లేదు, ఎల్ ఇన్ఫినిటీ మీద మాక్సిమల్ ఫంక్షన్ బౌండెడే. పి1 అనంతం అయితే మాత్రం స్క్వేర్ ఫంక్షన్ చేతులెత్తేస్తుంది, అప్పుడు బీఎంఓ (సగటు చుట్టూ ఊగిసలాట బౌండెడ్‌గా ఉండే ఫంక్షన్ల స్పేస్), కార్లెసన్ మెజర్ దారిలో వెళ్లాలి.

రెండో పాయకి పేర్లు తారుమారు చేయండి.

మెట్టు 7. అంచుల దగ్గర

పి1 = పి2 = 1 దగ్గర గట్టి ఎస్టిమేట్ రాదు, వీక్ టైప్ (అవుట్‌పుట్ పెద్దగా ఉన్న చోట్ల సైజుని మాత్రమే కట్టడి చేసేది) వస్తుంది, ఎల్1 × ఎల్1 నుంచి వీక్ ఎల్1/2 కి. దీనికి కెర్నెల్ వైపు వెళ్లి ఎఫ్, జీ రెండింటికీ కాల్డెరాన్-జిగ్‌మండ్ డికంపోజిషన్ చేయాలి. ఇంకో చివర ఎల్ ఇన్ఫినిటీ × ఎల్ ఇన్ఫినిటీ నుంచి బీఎంఓకి.

ట్రాన్స్‌పోజ్‌లు కూడా చూసుకోండి. మూడో ఫంక్షన్ యుతో గుణించి ఇంటిగ్రేట్ చేసి, ఎఫ్, యు స్థానాలు మార్చితే కొత్త సింబల్ ఎమ్(−క్సై − ఈటా, ఈటా). జీ, యు మార్చితే ఎమ్(క్సై, −క్సై − ఈటా). బొమ్మలో ఇది ఒక లీనియర్ మార్పు, ఒరిజిన్ ఒరిజిన్‌లోనే ఉంటుంది, కాబట్టి కోయిఫ్‌మన్-మెయర్ క్లాసు మారదు. అదే గీతలైతే మారతాయి, క్సై = 0 గీత క్సై + ఈటా = 0 అయిపోద్ది. హెచ్ఎఫ్ · జీకీ హెచ్(ఎఫ్·జీ)కీ ఉన్న చుట్టరికం ఇదే.

మెట్టు 8. ఎన్ని డెరివేటివ్‌లు కావాలి

లీనియర్‌లో హోర్మాండర్ 1960లో చెప్పింది, ప్రతి డయాడిక్ రింగ్ మీద ఎల్2 సోబొలెవ్ స్మూత్‌నెస్ ఎన్/2 దాటితే చాలు. బైలీనియర్‌లో సింబల్ 2ఎన్ డైమెన్షన్లలో ఉంది కాబట్టి ఎన్ దాటాలి, 2010లో టోమిటా పి > 1కి ఇది చేశాడు, పి ≤ 1 వైపు ఎంత కావాలో తర్వాత గ్రఫాకోస్-సి, మియాచి-టోమిటా చూశారు. మొదటిసారి చదివేవాళ్లు కావాల్సినన్ని డెరివేటివ్‌లు ఉన్నాయనుకుని చేసేయండి, లెక్క బిగించడం రెండోసారికి.

మెట్టు 9. క్సై = ఈటా మీద విరిగితే

ఎమ్ = సైన్(క్సై − ఈటా), ఇదే బైలీనియర్ హిల్బర్ట్ ట్రాన్స్‌ఫార్మ్, ఎక్స్ వైపు రాస్తే ఎఫ్(ఎక్స్ − టి) · జీ(ఎక్స్ + టి) ని డీటి/టి తో ప్రిన్సిపల్ వాల్యూగా ఇంటిగ్రేట్ చేయడం (స్థిరాంకం తేడాతో, ఇక్కడ టి ఆపరేటర్ కాదు, మామూలు వేరియబుల్). చూడ్డానికి చిన్నదే. కానీ మెట్టు 5 ఇక్కడ ఎందుకు కుప్పకూలుతుందో తెలుసుకోకుండా ముందుకెళ్లకండి.

ఎఫ్, జీ రెండింటినీ ఒకే ఎక్స్‌పోనెన్షియల్ ఇ^(2·పై·ఐ·ఎ·ఎక్స్) తో గుణించండి. క్సై, ఈటా రెండూ ఎ అంత జరుగుతాయి, క్సై − ఈటా మారదు, సింబల్ మారదు. అంటే ఈ ఆపరేటర్‌కి సున్నా ఫ్రీక్వెన్సీ అంటే ప్రత్యేకమైన గౌరవం ఏమీ లేదు, గీత మీద ఉన్న ప్రతి పాయింటూ ఒరిజిన్ లాంటిదే. లిటిల్‌వుడ్-పేలీ మొత్తం సున్నా చుట్టూ రింగులు గీసి నడుస్తుంది, సున్నాని గుర్తించని ఆపరేటర్ మీద ఆ రింగులు ఏం చేయలేవు. అందుకే టైమ్-ఫ్రీక్వెన్సీ ప్లేన్‌లో వేవ్ ప్యాకెట్లు (టైమ్‌లోనూ ఫ్రీక్వెన్సీలోనూ ఒక చోటే కూర్చునే చిన్న అలలు) పెట్టి, వాటిని చెట్లుగా పేర్చి, ఒక్కో చెట్టు మీద మాత్రం మెట్టు 6 లాంటి ఎస్టిమేట్ వాడతారు. 1966లో ఫూరియర్ సిరీస్ కన్వర్జెన్స్ మీద కార్లెసన్ చేసిన పనికి ఈ పద్ధతి దగ్గరి బంధువు, కార్లెసన్ ఆపరేటర్‌కి కూడా ఇలాంటి మాడ్యులేషన్ సిమెట్రీ ఉంది మరి.

కాల్డెరాన్ వేసిన ఈ ప్రశ్నకి లేసీ, థీలె 1997, 1999 పేపర్లలో జవాబిచ్చారు: 1 < పి1, పి2 ≤ ఇన్ఫినిటీ, 2/3 < పి < ఇన్ఫినిటీ అయితే బౌండెడ్. పి 1/2కీ 2/3కీ మధ్య ఏమవుతుందో ఇప్పటికీ తేలలేదు. పీహెచ్‌డీకి వెళ్లే పిల్లలు ఈ ఖాళీని గుర్తుపెట్టుకోవాలి, సబ్జెక్టు ఇంకా బతికే ఉందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మెట్టు 10. వంపు మీద విరిగితే

ఎమ్ అంటే యూనిట్ డిస్క్ లోపల 1, బయట 0 అనుకోండి. లీనియర్‌లో రెండు డైమెన్షన్ల నుంచి ఇది ఎల్2 మీద తప్ప ఇంకెక్కడా బౌండెడ్ కాదని 1971లో చార్లెస్ ఫెఫర్‌మన్ తేల్చాడు. కానీ అదే డిస్క్‌ని ఒక డైమెన్షన్ ఫంక్షన్ల మీద బైలీనియర్ సింబల్‌గా వాడితే, పి1, పి2 లు 2 నుంచి అనంతం లోపు, పి 1 దాటి 2 దాకా ఉన్నప్పుడు బౌండెడ్ అని గ్రఫాకోస్-లి 2006లో చూపించారు. డిస్క్ అంచుకి ప్రతి చోటా గీసే టాంజెంట్ ఒక్కో బైలీనియర్ హిల్బర్ట్ ట్రాన్స్‌ఫార్మ్ లాంటిది, వాటన్నిటికీ ఒకేసారి ఎస్టిమేట్ కావాలి, మెట్టు 4లో చెప్పిన మూడు గీతల దిశలు కూడా టాంజెంట్లలో వస్తాయి. మొదటిసారికి ఫలితం తెలిస్తే సరిపోద్ది, ప్రూఫ్ బరువైనది.

మెట్టు 11. ఒక పూర్తి లెక్క: కాటో-పొన్సె

|డి| పవర్ ఎస్ అంటే సింబల్ |క్సై| పవర్ ఎస్ ఉన్న డెరివేటివ్, ఎస్ పూర్ణాంకం కానక్కర్లేదు. కావాల్సింది ఇది:

‖|డి|^ఎస్ (ఎఫ్·జీ)‖పి ≤ సి · ( ‖|డి|^ఎస్ ఎఫ్‖పి1 · ‖జీ‖పి2 + ‖ఎఫ్‖పి1 · ‖|డి|^ఎస్ జీ‖పి2 )

ఎడమ వైపు సింబల్ |క్సై + ఈటా| పవర్ ఎస్. మూడు పాయలుగా చీల్చండి. మొదటి పాయలో క్సై పెద్దది, కాబట్టి |క్సై| పవర్ ఎస్ తో భాగించి ఆ |క్సై| పవర్ ఎస్ ని ఎఫ్‌కి ఇచ్చేయండి. మిగిలిన సింబల్ |క్సై + ఈటా|^ఎస్ / |క్సై|^ఎస్, కటాఫ్‌తో కలిపి. ఎరుపు ఎక్కడ? ఈ పాయలో క్సై + ఈటా ఎప్పుడూ సున్నా కాదు, క్సై కూడా సున్నా కాదు, కాబట్టి ఒరిజిన్ మాత్రమే. కోయిఫ్‌మన్-మెయర్, అయిపోయింది. రెండో పాయ ఇలాగే జీకి.

మూడో పాయలో చూసుకోవాలి. అక్కడ క్సై, ఈటా సమానంగా పెద్దవి, ఎదురెదురు దిశల్లో ఉంటే క్సై + ఈటా సున్నా అవుతుంది, అక్కడ |క్సై + ఈటా| పవర్ ఎస్ స్మూత్ కాదు. మళ్లీ ఎరుపు క్సై + ఈటా = 0 మీద పడింది, మెట్టు 4లో ఈ గీతే పి ≤ 1 దగ్గర ఇబ్బంది పెట్టింది. దాటే దారి: అవుట్‌పుట్‌ని కూడా డయాడిక్‌గా కోయండి. లోపల ఫ్రీక్వెన్సీ 2 పవర్ జె, బయటికొచ్చింది 2 పవర్ కె, కె ≤ జె. బరువు 2 పవర్ (కె − జె)·ఎస్, ఎస్ > 0 అయితే జియోమెట్రిక్ సిరీస్‌లా కూడుతుంది, పి > 1కి సరిపోద్ది.

పి < 1కి ఎస్ > ఎన్/పి − ఎన్ కావాలి, గ్రఫాకోస్-ఓ 2014లో ఇది రాశారు. ఎందుకు కావాలో చేత్తోనే చూడొచ్చు: ఎఫ్, జీ ష్వార్ట్జ్ అయి ఎఫ్·జీ ఇంటిగ్రల్ సున్నా కాకపోతే, ఎస్ సరి పూర్ణాంకం కానప్పుడు |డి|^ఎస్ (ఎఫ్·జీ) దూరంలో |ఎక్స్| పవర్ −(ఎన్ + ఎస్) లాగే తగ్గుతుంది, అది ఎల్పిలో ఉండాలంటే (ఎన్ + ఎస్)·పి > ఎన్ ఉండాలి, అదే ఆ షరతు. ఎస్ సరి పూర్ణాంకం అయితే ఈ తోక ఉండదు, ఎస్ = 2 పెట్టి చూడండి, |క్సై + ఈటా|² విప్పితే |క్సై|² + 2 క్సై·ఈటా + |ఈటా|², పాలినోమియల్, ఆ గీత మీద ఎరుపే లేదు, మూడో పాయ కూడా నేరుగా కోయిఫ్‌మన్-మెయర్‌లోకి వచ్చేస్తుంది, పి 1/2 దాటితే చాలు ఎస్టిమేట్ వస్తుంది. ఎస్ = 1 ఒక డైమెన్షన్‌లో మీరు చేయండి, మూడు పాయలూ విడివిడిగా రాసి, పి 1/2కి ఎంత దగ్గరగా వెళ్లనిస్తుందో చూడండి.